గదిలో పుట్టిన నాదం

పాఠ్యభాగ ఉద్దేశం

సంగీత రచనకు విశాలమైన స్టూడియోలు, ధనబలం తప్పనిసరి అనే అభిప్రాయం లోకంలో ఉంది. సామాన్య యువకులు అందుబాటులోని యంత్రాలతో కొత్త నృత్యసంగీత రీతులను సృష్టించిన తీరును, ఇంటివద్ద చిన్న రచన చేసే పద్ధతిని, ఆ కృషిలో పాటించవలసిన నీతిని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

లయ మానవునికి పుట్టుకతో వచ్చిన సంపద. గుండె చప్పుడులో, రోకటిపోటులో, నడకలో లయ ఉంది. డప్పు మోగితే పాదం దానంతట అదే కదులుతుంది. ఇరవయ్యో శతాబ్దం చివరిభాగంలో ఈ లయకు విద్యుత్తు తోడయింది. చర్మవాద్యం చేసే పనిని ఒక చిన్న పెట్టె చేయసాగింది.

జపాన్‌కు చెందిన రోలాండ్ సంస్థ 1980లో టి.ఆర్.-808 అనే డ్రమ్ మెషీన్‌ను, 1981లో టి.బి.-303 అనే బేస్ యంత్రాన్ని విడుదల చేసింది. గిటారు వాద్యకారులు ఒంటరిగా సాధన చేసుకొనేటప్పుడు బేస్ గిటారు తోడుగా ఉండాలన్నది రెండవ యంత్రం లక్ష్యం. కాని దాని ధ్వని బేస్ గిటారును పోలలేదు. కొనేవారు కరవై, 1984లో దాని తయారీ ఆగిపోయింది. యంత్రాలు పాత సామాను దుకాణాలకు చేరి చౌకగా దొరకసాగాయి.

అమెరికాలోని చికాగో నగర యువకులకు ఆ చౌకదనమే వరమయింది. ఫ్యూచర్ అనే బృందంలోని ముగ్గురు మిత్రులు ఆ యంత్రాన్ని మోగిస్తూ, దాని మీటలను అటూ ఇటూ తిప్పి చూశారు. మెలికలు తిరిగే వింత నాదం పుట్టింది. 1987లో వెలువడిన వారి ‘యాసిడ్ ట్రాక్స్’ అనే రచనతో ‘యాసిడ్ హౌస్’ అనే రీతి ప్రసిద్ధికెక్కింది. పనికిరాదని పక్కన పెట్టిన వస్తువులోనే వారు కొత్తదనాన్ని కనుగొన్నారు.

ఆశ్చర్యమేమంటే, అంతకు ఐదేళ్ళ ముందే, 1982లో, హిందీ చలనచిత్ర సంగీతంలో వాద్యకారుడిగా పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ ఇవే యంత్రాలపై పది హిందుస్థానీ రాగాలను డిస్కో లయలో పలికించారు. నాడు ఆ రికార్డును పట్టించుకొన్నవారు తక్కువ. 2010లో అది పునర్ముద్రణ పొందిన తరువాత ప్రపంచం విస్మయంతో విన్నది. ఆయన 2015లో కన్నుమూశారు. కళకు ఆదరణ ఆలస్యం కావచ్చు. అంతమాత్రాన కృషి వ్యర్థం కాదు.

1983లో ‘మిడి’ అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది. వేర్వేరు సంస్థల వాద్యయంత్రాలు ఒకదాని మాట మరొకటి గ్రహించే వీలు దీనివల్ల కలిగింది. క్రమంగా ఆ యంత్రాలన్నీ కంప్యూటరులో సాఫ్ట్‌వేర్ రూపం ధరించాయి. ఎల్.ఎం.ఎం.ఎస్. వంటివి ఉచితంగానే లభిస్తాయి. ఒక సాధారణ కంప్యూటరు, ఒక జత హెడ్‌ఫోన్లు ఉంటే సాధన మొదలుపెట్టవచ్చు.

ఇక రచనా విధానం చూద్దాం. ఒక ఆవర్తాన్ని తెరపై పదహారు గళ్ళుగా చూపుతారు. ఇది మనకు కొత్త కాదు. నాలుగు దెబ్బలు, ఒక్కొక్క దెబ్బకు ‘తకధిమి’ అనే నాలుగు అక్షరాలు; వెరసి పదహారు. మన సంగీతజ్ఞులు దీనినే చతురశ్ర గతి అంటారు. ప్రతి ‘త’ మీద కిక్ అనే బరువైన దెబ్బ, ప్రతి ‘ధి’ మీద హై హ్యాట్ అనే తాళపు చప్పుడు, రెండు, నాలుగు దెబ్బలపై చప్పట్ల ధ్వని ఉంచితే హౌస్ సంగీతపు పునాది సిద్ధమవుతుంది.

రీతిని బట్టి వేగం, దెబ్బల అమరిక మారుతాయి. హౌస్ సాధారణంగా నిమిషానికి 120 నుండి 130 దెబ్బల వేగంతో సాగుతుంది. డెట్రాయిట్ ప్రాంతపు యువకులు రూపొందించిన టెక్నోలో కిక్ అదే విధంగా మోగినా, యంత్రనాదం ప్రధానంగా వినిపిస్తుంది. లండన్‌లో పుట్టిన డబ్‌స్టెప్ సుమారు 140 దెబ్బల వేగం గలది. అయితే స్నేర్ మూడవ దెబ్బపై మాత్రమే పడడంవల్ల నడక నిదానంగా తోస్తుంది. డ్రమ్ అండ్ బేస్ 160 నుండి 180 దెబ్బల వేగంతో పరుగెత్తుతుంది. అందులో కిక్ వరుస తప్పి, విరిగిన నడకగా సాగుతుంది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఎనిమిది ఆవర్తాల ముక్కను పదేపదే విని మురిసిపోతారు గాని రచనను పూర్తిచేయరు. లెక్క వేసుకొంటే భయం తొలగుతుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక ఆవర్తం రెండు సెకన్లు. ముప్పైరెండు ఆవర్తాలంటే అరవైనాలుగు సెకన్లు. మొదటి ఎనిమిదింట లయ మాత్రమే ఉంచాలి. తరువాతి ఎనిమిదింట బేస్ చేర్చాలి. ఆపై నాలుగింట కిక్‌ను తీసివేయాలి. ఆ లేమి శ్రోతలో నిరీక్షణ కలిగిస్తుంది. తరువాత ఎనిమిదింట అన్నిటినీ కలిపి, చివరి నాలుగింట ఒక్కొక్కటిగా విరమింపజేయాలి. పూర్తయిన ఒక చిన్న రచన, అసంపూర్ణమైన పది రచనలకంటె ఎక్కువ నేర్పుతుంది.

కిక్, బేస్ రెండూ మంద్రనాదాలే కనుక ఒకే క్షణంలో పోటీపడితే రెండూ స్పష్టత కోల్పోతాయి. ఒకటి పలికేటప్పుడు మరొకదానిని తగ్గించాలి. ధ్వని పెంచి వింటే ప్రతిదీ బాగున్నట్లే ఉంటుంది. తక్కువ ధ్వనిలో విన్నప్పుడే లోపాలు బయటపడతాయి. పైగా చెవి ఒకసారి దెబ్బతింటే పోయిన వినికిడి సాధారణంగా తిరిగిరాదు.

చివరిగా ఒక ధర్మం. 1969లో విన్‌స్టన్స్ అనే అమెరికన్ బృందం ‘ఆమెన్, బ్రదర్’ అనే వాద్యరచనను రికార్డు చేసింది. అందులో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన కొద్ది సెకన్ల డ్రమ్ములను తరువాతివారు కత్తిరించి వేలాది పాటలలో వాడుకొన్నారు. డ్రమ్ అండ్ బేస్ రీతికి అది మూలస్తంభమయింది. కాని కోల్‌మన్‌కు దానివల్ల ప్రతిఫలం దక్కలేదు. ఆయన 2006లో పేదరికంలోనే మరణించారు. 2015లో అభిమానులు విరాళాలు సేకరించి బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 24,000 పౌండ్లు అందించారు. అప్పటికి వాయించినవాడు లేడు. ఇతరుల నాదాన్ని తీసుకోవడం ఒక మీట నొక్కినంత సులభం; ఆ నాదం వెనుక ఒక మనిషి చేతులున్నాయని గుర్తుంచుకోవడమే కష్టం. అనుమతి పొందిన ధ్వనులనో, మన పెరటి బిందెనో, రోకటి చప్పుడునో స్వయంగా రికార్డు చేసి వాడుకొంటే రచన మనదవుతుంది.

యంత్రం ఎంత చౌకదైనా వినే చెవి, విడువని పట్టుదల, ఇతరుల శ్రమపట్ల గౌరవం ఉన్నవారి చేతిలో అది వాద్యమవుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

ఆవర్తం = తాళం ఒకసారి పూర్తిగా తిరిగిరావడం
మంద్రనాదం = లోతైన, తక్కువ స్థాయి ధ్వని
నిరీక్షణ = ఎదురుచూపు
వెరసి = మొత్తం కలిపి
విస్మయం = ఆశ్చర్యం

ప్రశ్నలు

1. టి.బి.-303 యంత్రం విఫలమై తిరిగి ఆదరణ పొందిన తీరును వివరించండి.
2. పదహారు గళ్ళకు, ‘తకధిమి’కి గల సంబంధమేమిటి?
3. గ్రెగరీ కోల్‌మన్ జీవితం నుండి మనం గ్రహించవలసిన నీతి ఏమిటి?