మార్కు చూసి దిగులుపడకు, ర్యాంకు కార్డు మొత్తం చదువు

చెల్లీ, జాలరిపేటలో ఇంటర్ ఎంపీసీ పిల్లలున్న ఇళ్లకి ఎండాకాలం రెండు దిగుళ్లు ఒక్కసారే వస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఇంజను బోట్లు కదలవు, చేతిలో డబ్బాడదు. ఆ రోజుల్లోనే పిల్ల ఇంజనీరింగ్ సీటు కోసం ఈఏపీసెట్ రాయాలి. మార్కులు రాగానే "నూట అరవైకి ఎనభైయే అక్కా, ఇంకేం సీటొస్తుంది!" అని కళ్లనీళ్లు పెట్టుకునే తల్లుల కోసమే ఈ ముచ్చట.

ఎనభై అన్న అంకె ఒక్కదాన్నీ పట్టుకుని ఏమీ తేల్చలేమమ్మా. ఈ పరీక్షలో లెక్కలకి 80, ఫిజిక్స్‌కి 40, కెమిస్ట్రీకి 40. ముందు ఏ సబ్జెక్టులో ఎన్ని వచ్చాయో చూడు. ఇద్దరికి మొత్తం సమానమైతే లెక్కల్లో ఎక్కువ వచ్చినవాళ్లకే మంచి ర్యాంకు, అదీ సమానమైతే ఫిజిక్స్ చూస్తారు. పైగా పరీక్ష చాలా పూటలు జరుగుతుంది, పూటకో పేపరు. కఠినమైన పేపరు పడ్డ పిల్లలు నష్టపోకుండా నార్మలైజేషన్ పేరుతో మార్కుల్ని సరిచేస్తారు. అందుకే పొద్దున రాసిన పిల్లనీ సాయంత్రం రాసిన పిల్లనీ వీధరుగు మీద కూర్చుని పోల్చొద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, మన పేటలో చాలామంది పట్టించుకోనిది, ఇంటర్ మార్కులు. ర్యాంకులో ఈఏపీసెట్‌కి 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకి 25 శాతం లెక్క. ఒక పిల్లకి సెట్‌లో 80, ఇంటర్‌లో 90 శాతం వచ్చాయనుకో. 37.5కి 22.5 కలిపితే 60. ఇంకో పిల్లకి సెట్‌లో 88 వచ్చినా ఇంటర్‌లో 70 శాతమే అయితే 41.25కి 17.5 కలిపి 58.75. ఎనిమిది మార్కులు తక్కువ తెచ్చుకున్న పిల్లే ముందుంటుంది! తెలంగాణలో ఈ వెయిటేజీ తీసేశారు. మన ఆంధ్రాలో ఉండటమే న్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. కోచింగుకి లక్షలు కట్టలేని ఇంట్లో, చేపల గంప దించాక అమ్మకి సాయం చేస్తూ రెండేళ్లు నిలకడగా చదివిన పిల్ల కష్టాన్ని మూడు గంటల పరీక్ష ఒక్కటే కొలవలేదు.

ఒకే అంకె అన్నిచోట్లా ఒకే విలువ చేయదనడానికి అమెరికా ముచ్చటొకటి చెప్తాను. అక్కడ కాలేజీ సీట్ల కోసం రాసే శాట్ సబ్జెక్ట్ టెస్టులని ఉండేవి, ఒక్కో సబ్జెక్టుకి 800 మార్కులు. లెక్కల రెండో లెవెల్‌లో 800కి 800 తెచ్చుకునేవాళ్లు కొల్లలు. అదే లిటరేచర్‌లో 800 అంటే అరుదు. 2021లో ఆ టెస్టులే ఎత్తేశారు.

సరే, ర్యాంకు వచ్చాక దాన్నెలా చూడాలి? పక్కింటి పిల్ల ర్యాంకుతో కాదు. నిరుడు ఆ కాలేజీలో, ఆ బ్రాంచిలో, మన కేటగిరీలో చివరి సీటు ఏ ర్యాంకుకి వచ్చిందో దానితో చూడాలి. జాలరి, వాడబలిజ కులాలు బీసీ-ఏ కిందికి వస్తాయి, ఆ గ్రూపుకి 7 శాతం సీట్లు. ఆడపిల్లలకి మూడో వంతు. ఈ రెండూ కలిపి చూస్తే, ఓపెన్‌లో అందని సీటు మన పిల్లకి అందొచ్చు. ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ మన పేట పక్కనే ఉంది, దాని చివరి ర్యాంకులు కూడా ఒకసారి చూసి తీరాలి.

వచ్చే ఏడు రాసే పిల్లలకి ఒక్క మాట. ఈఏపీసెట్‌లో తప్పు జవాబుకి మార్కు కోయరు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. జేఈఈ మెయిన్‌లో మాత్రం తప్పుకి ఒక మార్కు పోతుంది, అక్కడ ఆచితూచి పెట్టాలి.

ఇక కౌన్సెలింగ్. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ముందే తీసి ఉంచు. "మేం సీటిప్పిస్తాం" అనేవాళ్ల చేతిలో కౌన్సెలింగ్ పాస్‌వర్డు పెట్టకు. మేనేజ్‌మెంట్ సీటుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ కోటా సీటుకే వస్తుంది. అందుకని వెబ్ ఆప్షన్లు నువ్వూ పిల్లా పక్కపక్కన కూర్చుని మీ చేతులతోనే పెట్టండి.