పాత ఈమెయిళ్లను మళ్లీ ఎక్కిస్తే రెండేసి కాపీలు ఎందుకు వస్తాయి?

కంప్యూటరో ఖాతానో మార్చినప్పుడు, భద్రపరచిన పాత ఈమెయిళ్లను కొత్త పెట్టెలోకి ఎక్కించుకోవలసి వస్తుంది. ఆ పని మధ్యలో ఆగి, మళ్లీ మొదటి నుంచి చేస్తే చాలా మెయిళ్లు రెండేసి కనిపిస్తాయి. బస్తర్ ప్రాంతంలో, బీజాపూర్ జిల్లా తర్రెంలో ఒక బడి తన 5,000 పాత మెయిళ్లను ఇలా మారుస్తోందని అనుకుందాం. 3,200 చేరాక సిగ్నల్ పోయింది. మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేస్తే పెట్టెలో 8,200 మెయిళ్లు ఉంటాయి. ఎందుకు?

ఐమ్యాప్ పద్ధతిలో ఫోల్డర్‌లోకి వచ్చే ప్రతి మెయిల్‌కూ సర్వర్ ఒక కొత్త సంఖ్య ఇస్తుంది. దీన్ని యూఐడీ అంటారు. అది ఆ ఫోల్డర్‌లో మెయిల్ ఉన్న చోటును గుర్తించడానికే. అదే మెయిల్‌ను రెండోసారి ఎక్కిస్తే మరో సంఖ్య వస్తుంది. కాబట్టి సర్వర్ లెక్కలో అది కొత్త మెయిలే.

మెయిల్‌తోపాటే ప్రయాణించే గుర్తు ఇంకొకటి ఉంది. అదే మెసేజ్-ఐడీ. 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 822 ప్రమాణంలోనూ, 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5322లోనూ దీని ప్రస్తావన ఉంది. మెయిల్ తయారైనప్పుడు పడే ఈ గుర్తు ప్రపంచంలో మరే మెయిల్‌కూ ఉండకూడదు. ఎక్కించే ప్రోగ్రామ్ ముందుగా ఫోల్డర్‌లో ఉన్న మెసేజ్-ఐడీల జాబితా తయారు చేసుకుని, అందులో ఉన్నవాటిని దాటవేస్తే చాలావరకు సమస్య తీరుతుంది.

అయితే దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. మెసేజ్-ఐడీ ఉండాలని ప్రమాణం గట్టిగా సూచిస్తుందే తప్ప తప్పనిసరి చేయదు. కొన్ని మెయిళ్లకు అసలు ఉండదు. సరిగా రాయని ప్రోగ్రామ్‌లు వేర్వేరు మెయిళ్లకు ఒకే గుర్తు వేయవచ్చు. మనకు మనమే పంపుకున్న మెయిల్ పంపినవాటిలోనూ, వచ్చినవాటిలోనూ ఒకే గుర్తుతో ఉంటుంది. అందుకే పోలికను ఖాతా మొత్తంలో కాక, ఏ ఫోల్డర్‌కు ఆ ఫోల్డర్‌లో చేయాలి.

రెండో ఆధారం హ్యాష్. ఎస్‌హెచ్‌ఏ-256 వంటి పద్ధతి ఎంత పెద్ద సమాచారాన్నయినా 256 బిట్‌ల ముద్రగా మారుస్తుంది. లోపల ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. అదే ఇక్కడ చిక్కు కూడా. చదివారా లేదా అనే గుర్తులు, వరుసల చివరి సంకేతాలు ఒక ప్రోగ్రామ్ నుంచి మరో ప్రోగ్రామ్‌కు మారుతుంటాయి. కాబట్టి ఫైలు మొత్తానికి కాక పంపినవారు, తేదీ, విషయం, అసలు పాఠం, జోడింపులకు మాత్రమే ముద్ర తీయాలి.

తెలుగు మెయిళ్లకు ఇంకో జాగ్రత్త అవసరం. విషయపు వరుసలోని తెలుగును బేస్‌64 రూపంలోనూ, కోటెడ్-ప్రింటబుల్ రూపంలోనూ పంపవచ్చు. కంటికి ఒకేలా కనిపించినా బైట్‌లు వేరు. ‘వైద్యం’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, ఎత్వానికి మరో గుర్తు జోడించి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. ఇవన్నీ ముందుగా ఒకే రూపానికి తెచ్చాకే ముద్ర తీయాలి. తేదీలనూ అలాగే ఒకే కాలమానంలోకి మార్చాలి.

మెసేజ్-ఐడీ, ముద్ర రెండూ కలిస్తే ఆ మెయిల్‌ను వదిలేయవచ్చు. ఒకటే కలిస్తే రెండింటినీ ఉంచి, తర్వాత మనిషి చూడాలి. అదనపు కాపీ చిరాకు మాత్రమే. కాపీ అనుకుని తీసేసిన అసలు మెయిల్ మళ్లీ దొరకకపోవచ్చు. పని పూర్తయ్యాక కాపీలను ఏరి తీసేయడం కన్నా, ఎక్కించే ముందే పోల్చడం మేలు అనడానికి కారణం ఇదే.

భద్రపరచిన ఫైలును ముట్టుకోకుండా దాని నకలుతో పనిచేయండి. ముందుగా ఖాళీ ఫోల్డర్‌లోకి ఒక 50 మెయిళ్లు ఎక్కించి, అవే 50ని మళ్లీ ఎక్కించండి. రెండోసారి ఒక్కటి కూడా కొత్తగా చేరకపోతే, మిగతావాటి మధ్యలో సిగ్నల్ పోయినా భయం లేదు.