డబ్బా కన్నా ముందు వేరు సంగతి

మా రాజమండ్రిలో ఆటో ఎక్కితే కడియం. అక్కడ దొరకని మొక్క ఉండదంటారు. అయినా నేను కూరగాయల నారు ఇంట్లోనే పోస్తాను. నాకు కావలసిన వంకాయ రకం, నాకు కావలసిన రోజుకి దొరకాలి కదా! మేడ మీద పెరుగు డబ్బాలు, పాల ప్యాకెట్లు బారులు తీరి ఉండటం చూసి వీధిలో పిల్లలు అడుగుతుంటారు, "ఏ డబ్బా మంచిది మామ్మా?" అని. ఏ విత్తనం వేస్తున్నారో చెబితే గానీ దానికి జవాబు లేదు.

1. వేరు కదిలితే ఓర్చుకునే మొక్కలు కొన్ని, ఓర్చుకోనివి కొన్ని. టమాటా, వంగ, మిరప ఓర్చుకుంటాయి. పీకి నాటితే ఒకటి రెండు రోజులు వాడి, మళ్లీ వేరు పోసుకుంటాయి. అంచేత వాటిని ఒకే స్వీటు డబ్బాలో వరసలుగా పోసుకోవచ్చు. బీర, కాకర, సొర, దోస అలా కాదు. వేరు తెగితే అలుగుతాయి, వారాల తరబడి ఎదుగూ బొదుగూ ఉండదు. వీటికి గింజకో కప్పు ఇవ్వాలి, లేదా నేరుగా కుండీలోనే పెట్టాలి. ముల్లంగి, క్యారెట్‌లకి నారు మాటే ఎత్తకండి, దుంప వంకర తిరుగుతుంది. బెండ, గోరుచిక్కుడు, తోటకూరలకి కూడా ఈ హంగామా అక్కర్లేదు.

2. ఆ డబ్బాలో మొక్క ఎన్నాళ్లు ఉండాలో లెక్క వేసుకోండి. టమాటా నారు 25 నుంచి 30 రోజులు, వంగ 30 నుంచి 35, మిరప దాదాపు 40. పాదు మొక్కలు రెండు మూడు ఆకులు వేస్తే చాలు, రెండు వారాల్లో దించేయొచ్చు. ఈ లెక్క తెలిస్తే గుడ్ల అట్ట మీద మోజు పోతుంది. ఫోటోల్లో ముచ్చటగానే ఉంటుంది. ఒక్కో గుంటలో పట్టేది చారెడు మట్టి కూడా కాదు, పైగా అట్టే నీళ్లు పీల్చేస్తుంది. మన ఎండకి పొద్దున్న తడిపింది మధ్యాహ్నానికి ఎండిపోతుంది. నర్సరీ వాళ్ల 98 గుంటల ట్రేలు కూడా చిన్నవే కదా అంటారు. వాళ్లకి షేడ్‌నెట్ ఉంది, పూటపూటకీ తడిపే మనిషి ఉన్నాడు.

పాదులకి నా ఓటు అర లీటరు పాల ప్యాకెట్‌కే. నర్సరీ కవరుకీ దానికీ పెద్ద తేడా లేదు. కడిగి, అడుగున రెండు మూలలూ కత్తిరిస్తే సరి. నాటేటప్పుడు పక్కన చీల్చితే మట్టిగడ్డ చెదరకుండా వస్తుంది. పాత పేపరు చుట్టి చేసిన కప్పు అయితే అలాగే పాతిపెట్టొచ్చు. టీ కాగితం కప్పుని మాత్రం అలా పాతకండి. లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది చివకదు. కొబ్బరి చిప్పల్లో కన్ను ఉన్న సగం తీసుకుంటే చిల్లు పెట్టే పని సగం తప్పుతుంది. ద్రాక్షపళ్ల థర్మోకోల్ పెట్టె వేడిని ఆపుతుంది, టమాటా నారుకి బాగుంటుంది. నూనె రేకు డబ్బాని ఎండలో పెడితే వేళ్లు ఉడుకుతాయి. పురుగుమందు, యాసిడ్, ఫినాయిల్ సీసాలు ఎంత కడిగినా వద్దు.

3. చిల్లులు. నారు చచ్చిపోయిందని వచ్చే పదిమందిలో ఎక్కువమంది నీళ్లు తక్కువై పోగొట్టుకున్నవాళ్లు కారు, ఎక్కువై పోగొట్టుకున్నవాళ్లే. మొక్క నిన్న సాయంత్రం నిటారుగా ఉంటుంది, తెల్లారేసరికి మొదలు దగ్గర నలిగినట్టై పడిపోయి ఉంటుంది. అదే నారుకుళ్లు. మట్టిలో ఉండే శిలీంధ్రం పని. తడి ఎక్కువై, గాలి ఆడక, నారు ఒత్తుగా ఉంటే రెచ్చిపోతుంది. ఒక మొక్కతో మొదలై డబ్బా అంతా పాకుతుంది, వచ్చాక చేసేదేమీ పెద్దగా ఉండదు. అందుకని మేకు కాల్చి అడుగున నాలుగైదు చిల్లులు పెట్టండి. అడుగు నేలకి ఆని మూసుకుపోకుండా పక్కల కూడా కింది అంచు దగ్గర రెండు పెట్టండి. పై మట్టి పొడిబారాకే నీళ్లు పోయండి, అదీ ఉదయం పూట. మట్టిలో గుప్పెడు ట్రైకోడెర్మా పొడి కలిపితే మేలు.

4. మట్టి. తోటలో నల్లమట్టి ఒక్కటే నింపితే రెండు తడులకి ఇటుకవుతుంది. కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు సమానంగా కలిపి, దొరికితే కాస్త ఇసుక వేస్తాను. కోనసీమ పక్కనే ఉండగా కొబ్బరి పొట్టుకి కరువేముంది! అయితే కొత్త పొట్టులో ఉప్పు ఉంటుంది, రెండు మూడు సార్లు కడిగి పిండాలి. పచ్చి పేడ నారులో వద్దు.

5. గింజని దాని మందానికి రెండు మూడింతల లోతున పెట్టాలి, అంతకన్నా వద్దు. వంగ, టమాటా గింజల మీద పల్చగా పొట్టు చల్లితే చాలు. కాకర గింజ తొక్క గట్టిది, ఒక రాత్రంతా నానబెట్టండి. ధనియాలు రెండు బద్దలయ్యేలా నలపండి. ప్యాకెట్ గింజలు గులాబీ రంగులోనో పచ్చరంగులోనో ఉంటే అది మందు పూత. నానబెడితే కొట్టుకుపోతుంది, అలాగే వేసి చేతులు కడుక్కోండి, పసిపిల్లల చేతికివ్వకండి. ఇంటి గింజ కట్టుకోవాలంటే భాగ్యమతి వంగ, పూసా రూబీ టమాటా లాంటి రకాలు పెంచండి. హైబ్రిడ్ కాయ గింజ మొలుస్తుంది గానీ తల్లి పోలిక రాదు.

6. కార్తె చూసుకోండి. తొలకరి పంటకి రోహిణి కార్తెలో నారు పోయాలి, సరిగ్గా అప్పుడే ఎండ నలభై దాటుతుంది. 35 డిగ్రీలు మించితే టమాటా గింజ మొలవడానికి మొరాయిస్తుంది. డబ్బాలు వరండాలోకి దించి తడిగుడ్డ కప్పండి. మొలక తల ఎత్తిన రోజే గుడ్డ తీసేసి ఉదయపు ఎండలోకి మార్చాలి. ఒక్క రోజు బద్ధకిస్తే చాలు, వెలుతురు కోసం సాగి దారంలా పీలగా తయారవుతుంది. అలా సాగినదాన్ని మళ్లీ దారిలో పెట్టడం కష్టం.

7. చీమలు గింజలు మోసుకుపోతుంటే డబ్బా చుట్టూ బియ్యపు నూక చల్లండి, అవి దాని వెంట పడతాయి. పావురాలకి మాత్రం ఉల్లిపాయల వల సంచీ తొడగడం తప్ప నాకు ఇంకో మందు కనబడలేదు.

8. పేర్లు పెన్సిలుతో రాయండి. మార్కరు ఎండకి వెలిసిపోతుంది. పెరుగు డబ్బా మూత ముక్కలుగా కోస్తే బోలెడు చీటీలు.

9. నాటడానికి నాలుగైదు రోజుల ముందు నీళ్లు తగ్గించి ఎక్కువ ఎండ చూపండి, నారు గట్టిపడుతుంది. నాటడం సాయంత్రం పూట. టమాటాని పై ఆకుల దాకా లోతుగా పాతొచ్చు, కాండం నుంచి కూడా వేళ్లు వస్తాయి. వంగ, మిరపలని డబ్బాలో ఎంత లోతున ఉన్నాయో అంతే. రెండు రోజులు నీడ కట్టండి. ఖాళీ అయిన డబ్బాలు సబ్బునీళ్లతో కడిగి ఎండలో బోర్లించండి. అందులోని పాత మట్టిని మళ్లీ నారుకి వాడకుండా పెద్ద కుండీల్లో కలిపేయండి.