హోటలు ఇడ్లీకి మార్కులు వేయడం ఎలా?

హోటల్లో టిఫిను చేసి వచ్చినవాణ్ణి "ఎలా ఉందిరా?" అని అడగండి. "అదిరింది" అంటాడు. లేకపోతే "చెత్త" అంటాడు. మూడో మాట వినడం అరుదు. జవాబు పత్రాలు దిద్దే మేము కూడా ఇలాగే ఒకడికి నూరు, ఇంకొకడికి సున్నా వేసుకుంటూ పోతే ఈ విద్యార్థులే ప్రిన్సిపాలు గది ముందు బైఠాయిస్తారు కదా! రోజుకి ఒక పూటైనా బయట తినే మనకి, తిన్నదాని గురించి నిదానంగా నాలుగు మాటలు చెప్పడం ఎందుకు చేతకావడం లేదన్నది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. ఇది నాలుక సరదాకి సంబంధించిన విషయమని కొట్టిపారేయకండి. కళాశాల గేటు ఎదుట ఉండే చిన్న హోటలు మన మాట మీదే బతుకుతుంది. మన ఆరోగ్యం ఆ హోటలు మీద ఆధారపడి ఉంటుంది.

ఇల్లు వదిలినవాడు డబ్బిచ్చి అన్నం తినడం మనకి కొత్త సంగతి కాదు. వినుకొండ వల్లభరాయుని పేరున ఉన్న 'క్రీడాభిరామం'లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. ఒక రూకకి కడుపునిండా భోజనం పెట్టే పూటకూటి ఇల్లు ఆ కావ్యంలో ఉంది. ఏమేమి వడ్డిస్తారో కూడా కవి వరసగా చెప్పాడు. ధర ఎంత, ఆ ధరకి విస్తట్లోకి వచ్చేదేమిటి అని చూసుకునే బుద్ధి ఆనాటి బాటసారులకే ఉందన్నమాట. ఇక గురజాడ 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ సంగతి తెలియనివారు మనలో ఉండరు. గిరీశం ఆమె పెట్టిన కూడూ తిన్నాడు, ఆమె డబ్బూ తిన్నాడు.

పూటకూళ్ళ ఇళ్ళ తర్వాత కాఫీ హోటళ్ళు వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో దక్షిణాది పట్టణాల్లో 'బ్రాహ్మణ కాఫీ హోటలు' లాంటి బోర్డులు మామూలు. వండినవాడి కులం చెబితే చాలు, తిండి మంచిదని జనం నమ్మేవారు. కూర్చునే చోటు కూడా కులాన్ని బట్టి వేరుగా ఉండేది, కొందరికి ఆ చోటు కూడా లేదు. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులో దుకాణాలతో పాటు హోటళ్ళను, ఉపాహారశాలలను పేరు పెట్టి మరీ చెప్పడానికి కారణం ఇదే. మతం, కులం, లింగం, పుట్టిన చోటు వంకతో అక్కడికి ఎవరినీ రానివ్వకుండా చేయకూడదన్నారు. అయినా పల్లెల్లో టీ బడ్డీల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు సాగింది.

ఈ చరిత్ర ఎందుకు ఎత్తానంటే, మన తెలుగులో 'శుచి' అన్న మాట ఒకటి ఉంది. దానికీ శుభ్రానికీ మనం ముడిపెట్టేశాం. వండేది ఎవరు అన్నది శుచి అయింది. ఆ చెయ్యి కడుక్కున్నారా, ఆ నీళ్ళు ఎక్కడివి అన్న ప్రశ్నలు వెనక్కి పోయాయి. బోర్డు చదివి తిండికి మార్కులు వేసే అలవాటు మనకి అప్పుడే అబ్బింది. ఇవాళ బోర్డు మీద మాటలు మారాయి, ఫోనులో అయిదు నక్షత్రాలు వచ్చాయి. చదివి నమ్మడం మాత్రం అలాగే ఉంది.

మరి నమ్మకం మాని పరీక్ష చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? రసాయనశాస్త్రం ప్రయోగశాలలో 'బ్లాంక్' అని ఒకటి చేయిస్తాం. పరీక్షించవలసిన పదార్థం కలపకుండా మిగతావన్నీ వేసి ముందు ఒకసారి చూడడం. అది చేయనివాడి ఫలితాన్ని నమ్మం. హోటల్లో నా బ్లాంకు ఉత్త ఇడ్లీ. నెయ్యి వద్దు, కారప్పొడి వద్దు, చట్నీ గిన్నె పక్కకి జరిపి మొదటి ముక్క ఉత్తదే తినాలి. నెయ్యీ కారప్పొడీ పడితే ఏ పిండి అయినా రుచిగానే ఉంటుంది. వంటవాడి చేతనంతా, లోపమంతా ఆ మొదటి ముక్కలో దొరుకుతుంది.

ఇడ్లీ పిండి పొంగడం సూక్ష్మజీవుల పని. ల్యూకోనోస్టాక్ మెసెంటిరాయిడిస్ అనే బాక్టీరియా, దాని తోటివి మరికొన్ని కలిసి పిండిలోని చక్కెరలను తిని ఆమ్లాన్ని, బొగ్గుపులుసు వాయువును పుట్టిస్తాయి. ఆ వాయువు బయటికి పోకుండా పట్టి ఉంచేది మినప్పప్పులోని జిగురు, మాంసకృత్తులు. పప్పు పాతదైనా, తక్కువ పోసినా, సరిగ్గా రుబ్బకపోయినా వాయువు నిలవదు, ఇడ్లీ గట్టిపడుతుంది. వేసవిలో ఈ పని త్వరగా అయిపోతుంది, పులుపు ముదురుతుంది. చలికాలంలో తెల్లవారినా పిండి పొంగదు. అప్పుడు కొందరు వంట సోడాని ఆశ్రయిస్తారు. సోడా ఎక్కువైన ఇడ్లీకి తెల్లదనం పోయి లేత పసుపు తిరుగుతుంది, నాలుక చివర సబ్బు రుచి తగులుతుంది. పొంగిన పిండితో చేసినదానికి సన్నని కమ్మటి పులుపు ఉంటుంది. ఆ పులుపే లేని మెత్తని ఇడ్లీ ఎదురైతే అనుమానించవచ్చు.

అయితే ఒక హెచ్చరిక. అన్ని ఊళ్ళ ఇడ్లీలకీ ఒకే కొలత పనికిరాదు. మన హోటళ్ళు ఎక్కువగా వాడేది బియ్యపు రవ్వ, కాబట్టి పలుకు నాలుకకి తెలియాలి. తమిళనాడులో ఉప్పుడు బియ్యం రుబ్బి పోస్తారు, అక్కడ పలుకు తగిలితే తప్పు. బెంగళూరు రవ్వ ఇడ్లీ గోధుమ రవ్వది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం కరువైనప్పుడు అక్కడి మావళ్ళి టిఫిన్ రూమ్స్‌లో పుట్టిందని చెప్పుకుంటారు. పెరుగూ సోడాయే దాన్ని పొంగిస్తాయి కనక దానిలో సోడా దోషం కాదు. మద్రాసు ఇడ్లీని తలుచుకుంటూ గుంటూరు ఇడ్లీని తిట్టేవాడు ఇడ్లీని తినడం లేదు, జ్ఞాపకాన్ని తింటున్నాడు.

కిందటేడు మా విద్యార్థుల్లో నలుగుర్ని కూర్చోబెట్టి ఈ పద్ధతి చేయించాను. శ్రీకాకుళం కుర్రాడొకడు, నెల్లూరు వాడొకడు, పల్నాటి అమ్మాయి, అనంతపురం అమ్మాయి. ఒకే హోటలు, ఒకే వాయ ఇడ్లీలు. మాట్లాడుకోకుండా తిని చీటీ మీద రాయాలి. ముందు ఉత్త ఇడ్లీ, ఆ తర్వాత చట్నీ, చివర సాంబారు. చీటీలు విప్పి చూస్తే ఉత్త ఇడ్లీ విషయంలో నలుగురిదీ దాదాపు ఒకటే మాట: మెత్తగా ఉంది, పులుపు ఒకింత ఎక్కువ. చట్నీ దగ్గరికి వచ్చేసరికి తగువు మొదలు. నెల్లూరు వాడికి కారం చాలలేదు. శ్రీకాకుళం వాడికి సరిపోయింది. సాంబారులో బెల్లం తగిలిన పల్నాటి అమ్మాయి, "సార్, ఇది సాంబారా, పాయసమా?" అంది. అనంతపురం అమ్మాయి "మా వైపు ఉగ్గాని పెట్టినచోట ఈ గొడవే ఉండదు" అని నవ్వేసింది.

నలుగురితో చేసిన దాన్ని పరిశోధన అనను. కాని దారి మాత్రం తెలిసింది. పిండి పులిసిందా, వాయ తాజాదా, పప్పు ఉడికిందా, నూనె కంపు కొడుతోందా – ఇలాంటివి నలుగురూ ఒప్పుకోగల సంగతులు. కారం, తీపి, పులుపు, పలచన, చిక్కన మన ఇంటి నుంచి వెంట తెచ్చుకున్నవి. మొదటి రకం తప్పు ఉంటే హోటలుని అనాలి. రెండో రకానికి "నాకు నచ్చలేదు" అంటే చాలు. అది హోటలు నేరం కాదు.

చట్నీల్లోనూ ఒప్పుకోగల సంగతులు లేకపోలేదు. పల్లీల ధర పెరిగినప్పుడు పుట్నాల పప్పు చేరుతుంది. అది కల్తీ కాదు, కాని పల్లీ చట్నీ అని చెప్పి పుట్నాల చట్నీ పెట్టడం సరి కాదు. కొబ్బరి చట్నీ ఎండాకాలంలో ఎక్కువసేపు నిలవదు, ఉదయం చేసింది మధ్యాహ్నానికి కూడా కనిపిస్తే ముట్టుకోను. సాంబారుకి నాదొక చిన్న చిట్కా ఉంది. గిన్నెలో కొంచెం మిగిల్చి, కాఫీ తాగే దాకా అలా ఉంచి చూడండి. పప్పు తగ్గించి ఏదో పిండి కలిపి చిక్కపరచినదైతే చల్లారేకొద్దీ గంజిలా ముద్ద కడుతుంది.

ఇంతవరకూ నాలుకకి తెలిసే విషయాలు. నాలుకకి తెలియనివి ఇంకా ముఖ్యం. సాయంత్రం బండి దగ్గర ఫ్రైడ్ రైసు మన విద్యార్థులకి ప్రాణం. మధ్యాహ్నం వండిన అన్నం గిన్నెలో అలాగే ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. దాని బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం చల్లారి గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషాన్ని వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ ఎంత వేయించినా పోదు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. వండిన పదార్థం వేడిగా ఉంచదలిస్తే 60 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లగా ఉంచదలిస్తే 5 డిగ్రీల లోపు ఉంచాలన్న నియమం ఇందుకే. కాబట్టి "రుచిగానే ఉంది కదా, ఏం కాదులే" అన్న మాట ఇక్కడ చెల్లదు. బండివాడి చేతి వేగం చూసి మురిసిపోయే ముందు ఆ అన్నం ఎప్పటిదో అడగాలి. అడిగితే చాలామంది దాచకుండా చెప్తారు.

నూనె సంగతీ అంతే. పదే పదే కాగిన నూనెలో పుట్టే పోలార్ పదార్థాలు మొత్తం 25 శాతం మించకూడదని 2018 జూలై 1 నుంచి నిబంధన ఉంది. మనం పరికరం పట్టుకుని తిరగలేం. బాణలిలో నురగ తగ్గకపోవడం, నూనె జిగటగా చిక్కబడడం, పునుగు తిన్నాక గొంతులో మంట – ఇవి చాలు, రేపు రాకూడదని తెలుసుకోవడానికి. వేడి బజ్జీలని పాత దినపత్రికలో చుట్టి ఇవ్వడం కూడా 2018 ప్యాకేజింగు నిబంధనల ప్రకారం కూడదు. సిరా నూనెలోకి దిగుతుంది. గోడ మీద 14 అంకెల ఫుడ్ సేఫ్టీ నంబరు ఉందేమో కూడా చూడండి. 2006 నాటి చట్టం 2011 ఆగస్టు 5న అమల్లోకి వచ్చాక ఏర్పడిన పద్ధతి అది. నంబరున్నంత మాత్రాన వంటిల్లు శుభ్రంగా ఉన్నట్టు కాదనుకోండి. బల్ల తుడిచే పిల్లవాడి వయసు కూడా చూడాలి. పద్నాలుగేళ్ళ లోపు వాళ్ళని హోటళ్ళలో, టీ కొట్లలో పనికి పెట్టడం 2006 అక్టోబరు 10 నుంచి నిషేధం. 2016 సవరణ ఆ నిషేధాన్ని అన్ని పనులకీ విస్తరించింది. ఇడ్లీ ఎంత మెత్తనిదైనా ఈ ఒక్క విషయంలో నేను మార్కులు కలపను.

ఇక న్యాయం మాట. ఒక్కసారి తిని తీర్పు చెప్పకండి. నేనైతే మూడుసార్లు వెళ్తాను, మూడు వేర్వేరు వేళల్లో. ఏడింటికి మొదటి వాయ, తొమ్మిదింటికి రద్దీ, పదిన్నరకి మిగులు. పదిన్నర ఇడ్లీ కూడా ఫరవాలేదంటే ఆ వంటవాడికి దణ్ణం పెట్టవచ్చు. మూడోసారికి తేడా వస్తే కారణం వెతకాలి. చిన్న హోటళ్ళలో అట్టు రుచి సగం అట్లు పోసే మాస్టరు చేతిలో, మిగతా సగం బాగా పదునెక్కిన పెనంలో ఉంటుంది. మాస్టరు పండక్కి సొంత ఊరు వెళ్ళినా, పాత పెనం పగిలి కొత్తది వచ్చినా పెసరట్టు అంటుకుపోతుంది, మాడిపోతుంది. మనవాళ్ళు మాత్రం "ఓనరుకి పొగరెక్కింది" అని ప్రచారం మొదలుపెడతారు. పది మంది ఆ మాట పట్టుకుంటే నెల తిరగకుండా బేరం పడిపోతుంది. ఆ ఓనరు తెల్లవారుజామున లేచి పిండి చూసుకునే మనిషి, అతని భార్య వెనక గదిలో అల్లం పచ్చడి రుబ్బుతూ ఉంటుంది.

శుభ్రం విషయంలో మాత్రం మూడుసార్లు అక్కర్లేదు. గ్లాసులు ఒకే బకెట్టు నీళ్ళలో ముంచి తీస్తుంటే ఒక్కసారి చాలు. అదైనా ముందు ఊరంతా చాటకండి. పదిన్నర దాటి రద్దీ తగ్గాక, గల్లాపెట్టె దగ్గర ఇంకెవరూ లేనప్పుడు, డబ్బులిస్తూ మెల్లగా చెప్పండి: "బాబాయ్, ఇడ్లీ బాగుంది. గ్లాసులు కాస్త కుళాయి కింద కడిగిస్తారా?" వారం తర్వాత మళ్ళీ వెళ్ళి ఆ బకెట్టు ఇంకా అక్కడే ఉందేమో చూడండి.