ఇంకొక్కటే మిగిలినప్పుడు

1973 సీజన్ ముగిసేసరికి అమెరికా బేస్‌బాల్ ఆటగాడు హ్యాంక్ ఆరన్ ఖాతాలో 713 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) ఉన్నాయి. బేబ్ రూత్ రికార్డు 714. ఆ ఒక్కదాని కోసం చలికాలమంతా ఆగాలి. నల్లజాతివాడు రూత్‌ను దాటడమేమిటంటూ, చంపేస్తామని బెదిరిస్తూ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. 1974 ఏప్రిల్ 4న, కొత్త సీజన్‌లో మొదటిసారి బ్యాటు ఊపినప్పుడే 714వది కొట్టాడు. నాలుగు రోజులకు అట్లాంటాలో 715. అప్పటికాయన వయసు 40.

అందరికీ అలా కుదరదు. అలెక్స్ రోడ్రిగెజ్ 2010 జులై 22న 599వ హోమ్ రన్ కొట్టి, 600వ దాని కోసం ఆగస్టు 4 దాకా తంటాలు పడ్డాడు. అతను బ్యాటింగ్‌కు వస్తే చాలు, మామూలు బంతులు పక్కనపెట్టి ప్రత్యేక గుర్తు వేసినవి తెచ్చేవారు. రేపు ఆ చారిత్రక బంతి తనదేనని ఎవరైనా అంటే అసలుదో కాదో తేల్చాలి కదా! జనం లేచి నిలబడి కెమెరాలు ఎత్తేవారు. 599 సార్లు చేసిన పనే, కానీ చుట్టూ గాలి మారిపోయింది. గంటకు నూట యాభై కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బ్యాటర్‌ను చేరడానికి అర సెకను కూడా పట్టదు. అంత తక్కువ వ్యవధిలో బంతిని చూడాలా, అంకెను తలచుకోవాలా? కుర్రాడికైతే వచ్చే ఏడాది ఉంటుంది. వయసు మీదపడ్డవాడికి ఆ భరోసా కూడా ఉండదు.

శామ్ రైస్ 1934లో ఆట మానేసినప్పుడు అతని హిట్లు (బంతిని కొట్టి సురక్షితంగా బేస్ చేరినవి) 2,987. మరో పదమూడు కొడితే మూడు వేలు. ఆ రోజుల్లో ఆ అంకెకు ఇప్పుడున్నంత మోజు లేదు, అతనూ దానికోసం ఆగలేదు. 1963లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికయ్యాడు. ఒత్తిడి ఆటలో లేదు, లెక్కపెట్టడంలోనే ఉందని నాకనిపిస్తుంది.

నాకు బాగా నచ్చేది ఆల్బర్ట్ పూహోల్స్ తీరు. 2022 సీజన్‌ను 679 హోమ్ రన్లతో మొదలుపెట్టాడు. 700 అందినా అందకపోయినా ఇదే నా చివరి సీజన్ అని ముందే తేల్చేశాడు. సీజన్ మధ్య విరామానికి కొట్టినవి ఆరే. తర్వాత పద్దెనిమిది కొట్టాడు. సెప్టెంబర్ 23న లాస్ ఏంజెలెస్‌లో ఒకే రాత్రి 699, 700 రెండూ వచ్చేశాయి. 42 ఏళ్ల మనిషి! అందకపోతే ఏం చేయాలో ముందే తేల్చుకున్నవాడికి చేతులు బిగుసుకుపోవు.

పదవీ విరమణకు ముందు చివరి ప్రమోషన్ కోసమో, ఆఖరి అవకాశంగా మిగిలిన పోటీ పరీక్ష కోసమో ఎదురుచూసేవాళ్లు మన ఇళ్లలోనూ ఉంటారు. వాళ్లను "ఇంకా ఎప్పుడు?" అని రోజూ అడగకండి. ఈరోజు పని ఎలా సాగిందో అడగండి.