మంచు నేలపై హెలికాప్టరు

విశాఖపట్టణపు బాలబాలికలకు హెలికాప్టరు క్రొత్త వస్తువు కాదు. ఐ.ఎన్.ఎస్. డేగా యను నౌకాదళ విమానస్థావరము మన పట్టణముననే యున్నది. 2022 జూలై 4వ తేదీన ధ్రువ్ జాతి హెలికాప్టర్లతో 324వ దళము అచ్చటనే నెలకొల్పబడినది. సముద్రతీరము వెంబడి ఆ యంత్రములు పోవుచుండగా తల యెత్తి చూడని పిల్లవాడు మన పాఠశాలలో నుండడు. అయితే మంచు కురియుట కన్నులార చూచినవారు మనలో మిక్కిలి అరుదు. లంబసింగిలో శీతకాలపు వేకువను గడ్డిపరకలపై పేరిన మంచుపొరయే మనలో ననేకులకు తెలిసిన మంచు.

ఇట్టి యూరివారికి మంచులో హెలికాప్టరు నడపు విధము తెలిసిన ప్రయోజనమేమి యని కొందరడుగవచ్చును. ప్రయోజనములు రెండు గలవు. మన యూళ్ల యువకులు సైన్యమున జేరి హిమాలయములకు పోవుచున్నారు. మన పెద్దలు కేదారనాథ యాత్రకు పోయి హెలికాప్టరు నెక్కుచున్నారు. ఇది మొదటిది. రెండవది యింతకన్న ముఖ్యము. మంచు నేర్పు పాఠము మంచుకు మాత్రమే చెందినది కాదు. చూపు చెడిన వేళ మనుష్యుడు చేయదగిన దేమియో అది నేర్పును.

1. గాలి తిరిగి వచ్చుట

హెలికాప్టరు గాలిని క్రిందికి నెట్టి, ఆ నెట్టుట చేతనే తాను పైన నిలుచును. ఎంత బరువు గల యంత్రమో అంత బలముగా గాలిని నెట్టవలెను. ఆ గాలి నేలను తాకి నలుదిక్కులకు పాఱి, పిమ్మట పైకి లేచి, మరల ఱెక్కల లోనికి వచ్చును. దీనిని ఇంటియొద్దనే పరీక్షింపవచ్చును. అంచు గల పళ్లెములో బియ్యపుపిండి పలుచగా పఱచి, కాగితపు గొట్టముతో నడుమకు నిలువుగా ఊదుడు. పిండి అంచువఱకు పోయి, అంచును తాకి లేచి, ఊదినవాని ముఖముననే పడును.

నేలపై పొడిమంచు వదులుగా నున్నచో అదియు నిట్లే లేచును. పైలటు నేలకు సమీపమున ఒక్కచోట నిలిచినకొలది మంచుపొడి చుట్టును దట్టమగును. కొన్ని క్షణములలో నేల, కొండ, ఆకాశము అన్నియు నొకే తెలుపుగా మాఱిపోవును. మన వైపున ఎండిన మైదానములలో దిగునప్పుడు ఎఱ్ఱమట్టి చేయు పనియు నిదియే. రంగు వేఱు, అపాయ మొక్కటే.

మంచు లేవకున్నను మఱియొక చిక్కు గలదు. ఆకాశము మబ్బు క్రమ్మి యున్నప్పుడు మంచునేలపై నీడలు పడవు. నీడ లేనిదే మిట్టపల్లములు తెలియవు. నేల పది అడుగుల దూరమున నున్నదో నూఱడుగుల దూరమున నున్నదో కన్ను చెప్పజాలదు.

2. చెవి చెప్పు అబద్ధము

కన్ను పని చేయనప్పుడు శరీరము దిక్కు తెలిసికొనలేదా? లేదు. మన చెవి లోపల అర్ధవలయాకారముగా మూడు నాళములు గలవు. వానిలో ద్రవముండును. తల తిరిగినప్పుడు ఆ ద్రవము వెనుకబడుటచే తిరుగుచున్నామని మెదడు తెలిసికొనును. కాని ఒకే వేగముతో కొంతసేపు తిరిగినచో ద్రవమును నాళముతోపాటు తిరుగును. అప్పుడు తిరుగుచున్నను నిలిచియున్నట్లే తోచును. ఆగినంతనే ఎదురుదిక్కునకు తిరుగుచున్నట్లుండును. ఆటస్థలములో గిఱ్ఱున తిరిగి ఆగిన పిల్లలందఱికి నిది అనుభవమే.

1954లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున దీనిని పరీక్షించిరి. సాధనములను మాత్రమే చూచి విమానము నడపు శిక్షణ లేని 20 మందికి బయటి చూపును కప్పి విమానమును నడపుమనిరి. ఇరువదిమందియు విమానమును అపాయస్థితికి తెచ్చిరి. అందుకు పట్టిన కాలము సగటున 178 సెకండ్లు. అనగా మూడు నిమిషములు సైతము కాదు. వారు తెలివితక్కువ వారు కారు. తమ శరీరము చెప్పినదానిని నమ్మిరి, అంతియే.

మంచుపొడిలో ఈ భ్రమ ఇంకను పెరుగును. మంచు కుడివైపునకు కొట్టుకొని పోవుచుండగా చూచిన పైలటు, తానే యెడమకు జాఱుచున్నానని తలచి యంత్రమును కుడికి ఒఱగించును. నేలకు దగ్గఱగా నిట్లు ఒఱగినచో యంత్రము బోర్లపడును.

3. దిగు విధము

ఈ కారణములు తెలిసినచో నియమములను కంఠస్థము చేయనక్కఱలేదు. అవి వానియంతట నవియే తోచును.

గుఱుతు లేనిచోట దిగరాదు. నల్లని రాయి, చెట్టు, కంప, ఏదియు లేనిచో ముందుగా నేలపై నున్నవారు పాతిన రంగుజెండా, ఏదైన నొకటి పైలటు ప్రక్కనే కనబడుచుండవలెను. దిగువఱకు ఆ గుఱుతును కన్ను విడువరాదు. ఆ గుఱుతు గాలికి ఎగిరిపోవునది కారాదు.

నేలకు సమీపమున నిలిచియుండరాదు. ఇందుకు రెండు మార్గములు గలవు. గాలికి ఎదురుగా వచ్చి, మంచుమేఘము వెనుకనుండి తన్ను కలిసికొనకమునుపే, నడుమ నాగక సరాసరి దిగుట యొకటి. ఎక్కువ యెత్తున నిలిచి, క్రింది వదులుమంచు చెదరిపోయి నేల కనబడువఱకు ఓపికపట్టి, పిమ్మట మెల్లగా దిగుట రెండవది. ఏ మార్గమున వచ్చినను గుఱుతు మఱుగుపడినచో దిగుట మాని, సాధనములను చూచుచు పైకి పోవలెను. పైకి పోవు దారిని దిగుటకు ముందే నిశ్చయించుకొనవలెను.

నేలను తాకినంతనే బరువంతయు దించరాదు. పైన గట్టిపొర, క్రింద మెత్తని మంచు ఉండవచ్చును. ఒక కాలు దిగబడి రెండవది నిలిచినచో యంత్రము ప్రక్కకు పడును. కావున ఱెక్కల బలమును తగ్గింపక, కొంచెము కొంచెముగా బరువు మోపి నేలను పరీక్షింపవలెను.

4. బయలుదేరుటకు ముందు

ఱెక్కమీద పేరిన సన్నని మంచుపొర సైతము ఱెక్క ఆకారమును చెఱచును. గాలిని నెట్టు శక్తి తగ్గును. కావున ఱెక్కలను, యంత్రములోనికి గాలి పోవు ద్వారములను, వేగము కొలుచు గొట్టమును చేతితో తడిమి శుభ్రపఱచవలెను. ద్వారమున నిలిచిన మంచు యంత్రములో పడినచో మంట ఆఱిపోవచ్చును. కాళ్లు నేలకు గడ్డకట్టి యున్నవేమో చూడవలెను. ఒక కాలు పట్టియుండగా బలవంతముగా లేపుట యంత్రమును పడద్రోయుటయే.

మబ్బులో సున్న డిగ్రీలకన్న చల్లనైనను గడ్డకట్టని నీటిబిందువు లుండును. అవి ఱెక్కను తాకినంతనే గడ్డకట్టును. ఒక ఱెక్కనుండి గడ్డ రాలి వేఱొక ఱెక్కపై నిలిచినచో యంత్రము తీవ్రముగా వణకును. ఱెక్కలను వేడిచేయు సాధనములు కొన్ని పెద్ద హెలికాప్టర్లకే గలవు. చిన్నవానికి మందు ఒక్కటే: అట్టి మబ్బులోనికి పోకుండుట.

ఎత్తును లెక్కింపవలసినదే. కేదారనాథము సముద్రమట్టమునకు 3,500 మీటర్లకు పైన నున్నది. అచ్చటి గాలి మన తీరపు గాలిలో సుమారు 70 పాళ్లు మాత్రమే దట్టము. అందుచే విశాఖలో సులభముగా మోయు బరువును యంత్రము అచ్చట మోయజాలదు. 1972 జూన్ 21న ఫ్రాన్సు దేశీయుడు జాఁ బూలే లామా హెలికాప్టరుపై 12,442 మీటర్ల యెత్తునకు పోయెను. అచ్చటి చలిలో యంత్రము ఆఱిపోయి మరల వెలుగలేదు. అతడు ఱెక్కలను గాలికే తిరుగనిచ్చి, ఆ తిరుగుటచేతనే క్షేమముగా నేలకు దిగెను. మన సైన్యము సియాచిన్‌లో వాడిన చీతా హెలికాప్టరు ఆ లామా నమూనాపై మన దేశమున తయారైనదే.

5. మనవారికి తగిలిన దెబ్బలు

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు పోవుచు నల్లమల అడవిలో హెలికాప్టరు కూలి మరణించిరి. ఆయనతో కలిపి మొత్తము ఐదుగురు పోయిరి. ఉఱుము మబ్బులలోని గాలి యంత్రమును క్రిందికి త్రోసెననియు, పైలటుల దృష్టి చమురు ఒత్తిడి లోపమును సరిచేయుటలో చిక్కుకొని దిగిపోవు వేగమును గమనింపలేదనియు విచారణసంఘము తెలిపెను. 2021 డిసెంబరు 8న కూనూరు సమీపమున త్రివిధదళాధిపతి బిపిన్ రావత్‌గారు ప్రయాణించిన హెలికాప్టరు లోయలో అనుకొనక వచ్చిన మబ్బున జొరబడెను. పైలటు దిక్కు తప్పినట్లు విచారణలో తేలెను. ఆ ప్రమాదమునకు గుఱియైన 14 మందిలో చిత్తూరు జిల్లాకు చెందిన తెలుగు సైనికుడొకడు గలడు. 2022 అక్టోబరు 18న కేదారనాథమునుండి తిరిగివచ్చుచున్న హెలికాప్టరు పొగమంచులో కూలగా ఏడుగురు మరణించిరి. 2025 జూన్ 15న గౌరీకుండ సమీపమున మరల నేడుగురు పోయిరి.

ఈ నాలుగింట యంత్రములు వేఱు, ప్రదేశములు వేఱు. నల్లమలలో మంచుగడ్డయే లేదు. అయినను ప్రతిచోట ఆకాశము దారిని మూసెను. మంచు ఒక తెఱ. మబ్బు ఒక తెఱ. పొగమంచు ఒక తెఱ.

6. ప్రయాణికుల ధర్మము

నడపువాడు వేఱొకడైనను ఎక్కువారికి గొంత బాధ్యత కలదు. పైలటు సైగ చేయనిదే హెలికాప్టరు చెంతకు పోరాదు. అతనికి కనబడునట్లు ముందువైపునుండి వంగి నడువవలెను. తోకవైపునకు ఎన్నడును పోరాదు. అచ్చటి చిన్న ఱెక్క వేగముచే కంటికి కనబడదు. వాలునేలపై ఎగువనుండి రారాదు. అటువైపున ఱెక్కలు నేలకు దగ్గఱగా నుండును. శాలువలు, టోపీలు చేత గట్టిగా పట్టుకొనవలెను. ఱెక్కల గాలి చలిని ఇనుమడింపజేయును గనుక ముఖమును, చేతులను కప్పుకొనవలెను.

ఇవన్నియు సులభములు. కష్టమైన దొకటి గలదు. “ఈ దినము పోజాలము” అని పైలటు చెప్పినప్పుడు కోపింపకుండుట. దూరమునుండి వచ్చితిమి, సొమ్ము చెల్లించితిమి, రైలు వేళ మించిపోవుచున్నది, ప్రక్క యంత్రము పోయినది గదా యని పదిమంది గుమికూడి అడిగినచో ఎంత స్థిరచిత్తునికైనను మనస్సు చలించును. అట్టి యొత్తిడియు నొక విధమైన మంచుపొడియే. అదియు చూపును కప్పును. తల్లిదండ్రులారా, వెనుకకు తిరిగిన పైలటునకు కృతజ్ఞత చెప్పుట మీ పిల్లలు చూచునట్లు చేయుడు. పిరికితనమునకును వివేకమునకును గల భేదమును వారు పుస్తకములోకన్న అచ్చట బాగుగ నేర్చుకొందురు.

అభ్యాసము

1. హెలికాప్టరు నేలకు సమీపమున నిలిచినప్పుడు మంచుపొడి ఏల లేచును? పళ్లెము పరీక్షతో వివరింపుము.
2. కన్ను మూసినప్పుడు చెవి చెప్పునది నమ్మదగినది కాదనుటకు కారణమేమి?
3. దిగు మార్గములు రెండింటిని తెలిపి, రెండింటికిని సాధారణమైన నియమమును వ్రాయుము.
4. విశాఖలో మోయగల బరువును కేదారనాథమున మోయలేకుండుటకు కారణము చెప్పుము.