రంగు చెప్పే లెక్క

పిల్లలూ! మీ తరగతి గోడకు వేలాడే జిల్లాల పటాన్ని చూశారు కదా! ఒక జిల్లా పసుపు, పక్కది గులాబీ, ఇంకొకటి ఆకుపచ్చ. ఈ రంగులు హద్దులు తెలియడానికి వేసినవే. కాని రంగును చూడగానే ఒక సంఖ్య తెలిసే పటాలు కూడా ఉన్నాయి. 1826లో ఫ్రాన్సు దేశస్థుడు షార్ల్ డ్యూపాఁ అలాంటి పటం ఒకటి వేశాడు. బడికి పోయే పిల్లలు తక్కువగా ఉన్న చోట ముదురుగా, ఎక్కువగా ఉన్న చోట లేతగా రంగు నింపాడు. ఇప్పుడు ఇదే పనిని కంప్యూటరు నిమిషాల్లో చేస్తుంది. అయితే ఏ సంఖ్యకు రంగు వేయాలో మాత్రం మనమే చెప్పాలి. అక్కడే చిక్కంతా ఉంది.

మనం చొప్పదండిలో ఉన్నామనుకోండి. కరీంనగరుకు ఉత్తరాన ఉన్న మండల కేంద్రం ఇది. 2011 జనాభా లెక్కల నాటికి కరీంనగర్ జిల్లా ఇప్పటికంటే చాలా పెద్దది. అప్పటి జనాభా 37,76,269. హైదరాబాదు జిల్లా జనాభా 39,43,323. ఈ అంకెలకే రంగులు వేస్తే రెండు జిల్లాలకూ దాదాపు ఒకే రంగు వస్తుంది. అంటే చొప్పదండి పొలాల మధ్య కూడా హైదరాబాదులో ఉన్నంత రద్దీ ఉందా? లేదే!

తప్పు ఎక్కడుంది? వైశాల్యాన్ని మనం మరిచిపోయాం. కరీంనగర్ వైశాల్యం 11,823 చదరపు కిలోమీటర్లు, హైదరాబాదుది 217 మాత్రమే. జనాభాను వైశాల్యంతో భాగించి చూడండి. కరీంనగరులో చదరపు కిలోమీటరుకు సుమారు 320 మంది, హైదరాబాదులో 18,000 పైచిలుకు! దీన్నే జనసాంద్రత అంటారు. కనుక మొదటి సూత్రం: మొత్తానికి కాదు, నిష్పత్తికి రంగు వేయాలి.

ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చుందాం. క్యూజీఐఎస్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. అందులో జిల్లాల హద్దుల ఫైలును, జనాభా పట్టికను తెరిచి, రెండింటినీ జత చేయాలి. పేర్లతో జత చేయబోతే చిక్కు వస్తుంది. చొప్పదండి పేరును ఇంగ్లీషులో ఒకరు చివర 'ఐ' అక్షరంతో, మరొకరు 'వై' అక్షరంతో రాస్తే కంప్యూటరు వాటిని రెండు వేరు ఊళ్లనుకుంటుంది. అందుకే జనాభా లెక్కల్లో ప్రతి ఊరికీ ఇచ్చిన కోడు నంబరుతో జత చేయాలి. తరువాత రంగుల పేజీలో 'గ్రాడ్యుయేటెడ్' అన్నదాన్ని ఎంచుకుని, సాంద్రత వరుసను చూపాలి. ఒకే రంగు లేత నుంచి ముదురుకు పోవాలి. ఎరుపు, ఆకుపచ్చ కలిపి వాడితే వాటి తేడా కనిపించని వారికి పటం అర్థం కాదు.

ఇక తరగతులు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 23 జిల్లాలు. సాంద్రత ఆదిలాబాదులో 170, అదే అన్నిటికంటే తక్కువ. హైదరాబాదుది అన్నిటికంటే ఎక్కువ. ఈ రెంటి మధ్య దూరాన్ని ఐదు సమాన భాగాలు చేస్తే ఒక్కో భాగం 3,600. అప్పుడు హైదరాబాదు ఒక్కటే ముదురు, మిగతా 22 జిల్లాలూ ఒకే లేత రంగు! అలాకాక ప్రతి తరగతిలోకీ దాదాపు సమానంగా జిల్లాలు వచ్చేలా విభజిస్తే కరీంనగరుకూ, ఆదిలాబాదుకూ ఉన్న తేడా బయటపడుతుంది. అంకెలు అవే, పటం మాత్రం వేరు.

ఇంకొక సంగతి. 2016లో ఆదిలాబాదు నాలుగు జిల్లాలైంది. 2011 లెక్కలనే కొత్త హద్దులతో చూస్తే బొగ్గు గనుల మంచిర్యాలలో సాంద్రత సుమారు 200, అడవుల ఆసిఫాబాదులో సుమారు 106. పాత పటంలో ఈ రెండూ ఒకే రంగు కింద దాగి ఉండేవి.

ఇది పటాల ఆట మాత్రమే అనుకోకండి. బడి ఎక్కడ పెట్టాలి, ఆసుపత్రి ఎక్కడ కట్టాలి అని ఆలోచించేవారు ఇలాంటి పటాలను చూస్తారు. రంగు తప్పితే అవసరమున్న ఊరు కంటికి ఆనదు.

చేసి చూడండి: మీ మండలంలోని ఊళ్ల జనాభా, వైశాల్యం సేకరించండి. రంగు పెన్సిళ్లతో రెండు పటాలు వేయండి. ఒకటి జనాభాకు, రెండోది జనసాంద్రతకు. రెండింటిలోనూ మీ ఊరి రంగు ఒకటేనా? కాకపోతే ఎందుకు మారిందో మీ స్నేహితులకు వివరించండి.